లెక్క ఎవరి చేతిలో? బళ్ళారి సీమలో లంచం, మామూలు, ప్రజల చూపు

బళ్ళారి నగరానికి ఈశాన్యంగా కొద్ది మైళ్ళ దూరంలో కప్పగల్లు అనే గ్రామం ఉంది. పురాతత్త్వ గ్రంథాలలో ఇది కుప్‌గల్ అన్న రూపంలో కనబడుతుంది. ఊరి పక్కనున్న కొండలో నల్లరాతి బండల మీద కొత్తరాతియుగపు మనుషులు చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. కొన్ని బండలను గుండురాతితో కొడితే గంటలాగా మోగుతాయి. 1892లో ఫాసెట్ అనే పోలీసు అధికారి ఈ బొమ్మలను గురించి లోకానికి తెలియజేశాడు. 2004లో నికోల్ బోయివిన్ అనే పురాతత్త్వవేత్త మోగే బండల మీద వ్యాసం ప్రకటించి, రాతి క్వారీల వల్ల కొండకు ముప్పు ఏర్పడిందని హెచ్చరించింది.

ఊరి పేరు విద్యార్థులకు మంచి అభ్యాసం. కన్నడంలో కల్లు అంటే రాయి. సమాసంలో రెండవ పదం మొదటి కకారం గకారం కావడం కన్నడంలో ఆదేశసంధి. మన వ్యాకరణాలలోని గసడదవాదేశానికి దగ్గరి చుట్టం. కప్పు అంటే నలుపు. నల్లరాయి గల ఊరు కప్పగల్లు అయి ఉంటుందని నా ఊహ. కాని తెలుగు చెవికి ఆ పేరులో మరొక మాట కూడా వినిపిస్తుంది. కప్పం. చిన్న రాజు పెద్ద రాజుకు చెల్లించుకొనే సొమ్ము. కన్నడంలోనూ అదే మాట, అదే అర్థం. వ్యుత్పత్తి నలుపు వైపే మొగ్గుతుందిగాని, ఈ వ్యాసానికి పనికివచ్చేది రెండవ మాట. ఇవ్వవలసిన కప్పానికీ, ఇవ్వకూడని లంచానికీ మధ్య గీత ఎక్కడుంది? ఈ సీమ జనం ఆ గీతను ఎక్కడ గీశారు? దాన్ని దాటినవారిని ఎలా నిలదీశారు? ఈ ప్రశ్నలకు జవాబు కొంత చరిత్రలోనూ, కొంత మాటలలోనూ దొరుకుతుంది.

మాటలు చెప్పే సంగతి

లంచం చాలా పాత మాట. పాళీ భాషలో లంచ అన్న పదం ఇదే అర్థంలో ఉంది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ దీనిని వాడుకుంటున్నాయి. పుచ్చుకొనేవాడు తెలుగులో లంచగొండి, కన్నడంలో లంచగుళి లేదా లంచకోర. రెండు భాషలలోనూ లంచాన్ని తింటారు. ఈ మాటలో నింద స్పష్టంగా ఉంది. ఎవరూ తమ ముఖాన అనిపించుకోవడానికి ఇష్టపడరు.

అందుకే దాని పక్కన సభ్యోక్తులు పుట్టాయి. వాటిలో ముఖ్యమైనది మామూలు. ఇది అరబ్బీ నుంచి పారసీకం ద్వారా మన కచేరీలలోకి వచ్చిన మాట. మూలార్థం ‘చేయబడినది’, అంటే వాడుకలో ఉన్నది, రివాజు. ఇదే ధాతువు నుంచి అమలు అన్న మాట వచ్చింది, అమల్దారు అన్న ఉద్యోగం పేరు వచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వు అమలు కావాలంటే అమల్దారు కచేరీలో మామూలు చెల్లించాలి. ఒకే ధాతువు మూడు రూపాలలో ఈ వాక్యం మొత్తాన్ని మోస్తున్నది. మామూలుకు నేడు తెలుగులో రెండర్థాలు: ఒకటి ‘సాధారణం’, రెండవది ‘లంచం’. ఒక సమాజంలో ఈ రెండింటికీ ఒకే మాట సరిపోయిందంటే, ఆ సమాజం చిన్న లంచాన్ని ఎలా చూసిందో వేరే సాక్ష్యం అక్కరలేదు.

ముడుపు మరొక రకం. ముడి వేసి దాచినది ముడుపు. తిరుపతి వెంకన్నకు మొక్కుకొని పసుపుగుడ్డలో కట్టిపెట్టే డబ్బు. పత్రికలు ఈ మాటను పెద్ద లంచాలకు వాడుతున్నాయి. అయిదు రూపాయలిస్తే మామూలు, అయిదు కోట్లిస్తే ముడుపులు. చిన్నది అలవాటు లెక్కలోకి, పెద్దది దేవుడి లెక్కలోకి పోయాయి. మధ్యలో నేరం అన్న ఊసు ఎక్కడా లేదు.

చట్టం మాటకు వస్తే రెండు భాషలు విడిపోతాయి. తెలుగు వార్తాపత్రిక అవినీతి అంటుంది, కన్నడ పత్రిక భ్రష్టాచార అంటుంది. రెండూ సంస్కృతమే, రెండూ కాగితపు మాటలే. బళ్ళారి బజారులో నిలబడిన మనిషి ఏ భాషలో మాట్లాడినా లంచమనే అంటాడు. సామెతలు కూడా విడిపోలేదు. ‘దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు’ అని తెలుగువారంటే, ‘దేవరు కొట్టరూ పూజారి కొడ’ అని కన్నడిగులంటారు. కంచె చేను మేయడం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఈ సామెతలలో ఒక నమ్మకం దాగి ఉంది: పైనున్న దేవుడు మంచివాడే, చెడగొట్టేది మధ్యలోని పూజారి. ఈ నమ్మకం రెండు వందల ఏళ్ళుగా ఈ ప్రాంతపు రాజకీయాలను నడిపించిందని నా అభిప్రాయం.

చివరిగా ఒక మాట. రాయలసీమ మాండలికంలో లెక్క అంటే డబ్బు. ‘చేతిలో లెక్క లేదు’ అంటే పైకం లేదని అర్థం. కోస్తా నుంచి వచ్చినవారు మొదట తికమకపడతారు. సంస్కృత లేఖ్యం ప్రాకృతంలో లెక్ఖ అయి, మనకు లెక్కగా చేరింది. అంటే మూలంలో అది వ్రాసినది. వ్రాత నుంచి గణనకు, గణన నుంచి ధనానికి అర్థం ప్రయాణం చేసింది. ఈ సీమలో డబ్బు ఎవరిదో తేల్చేది వ్రాత అని తరతరాలుగా జనానికి తెలుసు. ఆ వ్రాత ఎవరి చేతిలో ఉందన్నదే లంచగొండితనం మీద ఇక్కడ జరిగిన పోరాటాల అసలు కథ.

కచేరీ దస్తరాలు

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి బళ్ళారి, కడప ప్రాంతాలను వదలుకున్నాడు. వాటికే దత్తమండలాలని పేరు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే పనిచేశాడు. జమీందారులు, పాలెగాండ్రు మధ్యలో లేకుండా రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని అమలుపరచడానికి పొలం పొలమూ కొలిపించాడు. రైతు చేతికి పట్టా ఇవ్వడం ఆ పద్ధతికి ప్రాణం. ఎంత భూమి, ఎంత శిస్తు అన్నది కాగితం మీద ఉంటే, అంతకు మించి అడిగినవాడికి రైతు ఆ కాగితం చూపవచ్చు.

ఆశయం అది. ఆచరణలో శిస్తు ఎక్కువైంది. 1807లో మన్రో తానే పాతిక శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు. అప్పటి మద్రాసు ప్రభుత్వం అంగీకరించలేదు. పైగా రైత్వారీని పక్కనపెట్టి గ్రామాలను గుత్తకిచ్చింది. తిరిగి రైత్వారీకి రావడానికి పదేళ్ళకు పైగా పట్టింది. మన్రో 1820లో గవర్నరై వచ్చాడు. ఆయన వ్రాతలలో మళ్ళీ మళ్ళీ కనిపించే వాదం ఒకటుంది: స్వదేశీ ఉద్యోగికి కొద్ది జీతమిచ్చి, పెద్ద మొత్తాలు అతని చేతిలో పెట్టి, ఆ పైన అతడు నీతిగా ఉండడం లేదని దూషించడం న్యాయం కాదు. లంచాన్ని జాతి స్వభావంగా కాక, పాలన ఏర్పాటు ఫలితంగా చూసిన తొలి అధికారులలో ఆయన ఒకడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. దత్తమండలాలలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేవారంటే ఆయన మీద జనానికున్న అభిమానం తెలుస్తుంది. ఇక్కడ మన సామెతను తలచుకోవాలి. మన్రో దేవుడయ్యాడు, కచేరీ గుమాస్తా పూజారిగానే మిగిలాడు.

ఆ పూజారి బలం ఎక్కడిది? భాషలో ఉంది. మరాఠా ప్రభువుల కాలం నుంచి వచ్చిన అలవాటు చొప్పున కచేరీ లెక్కలు చాలా కాలం మరాఠీలో నడిచాయి. రైతు మాట్లాడేది తెలుగో కన్నడమో. కరణం గ్రామంలో వ్రాసేది ఒక భాష, తాలూకా కచేరీలో ఎక్కేది ఇంకొక భాష, కలెక్టరు చదివేది ఇంగ్లీషు. మూడు అంచెలలో మూడు లిపులు. ప్రతి అంచెలోనూ అంకె మారడానికి అవకాశం. ఈ ఏర్పాటు ఎలా పనిచేసేదో గుంటూరు జిల్లా ఉదాహరణగా అమెరికన్ చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గ్ 1965లో వెలువరించిన గ్రంథంలో వివరంగా చూపాడు. గ్రామ కరణాలూ, జిల్లా కచేరీ ఉద్యోగులూ ఒక గొలుసుగా ఏర్పడి ప్రభుత్వాదాయాన్ని దశాబ్దాలపాటు మరుగుపరచారని, 1840లలో వాల్టర్ ఎలియట్ విచారణ జరిపేదాకా పైవారికి అసలు రూపం తెలియలేదని ఆ గ్రంథం సారాంశం.

ఫిర్యాదుకు దూరమెంత?

లంచం గురించి మన ముందుతరాలు నోరెత్తలేదనుకోవడం పొరపాటు. ఎత్తిన నోరు ఎక్కడిదాకా వినిపించిందన్నది ప్రశ్న. మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో క్రెసెంట్ పత్రికనూ, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌నూ స్థాపించాడు. ఆ సంఘం పంపిన అర్జీలతో ఇక్కడి పరిస్థితి బ్రిటిషు పార్లమెంటు దృష్టికి వెళ్ళింది. డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు స్వయంగా వచ్చి, లక్ష్మీనరసు శెట్టితో కలిసి జిల్లాలలో తిరిగి, శిస్తు వసూలు పేరుతో జరిగే హింసను గురించి విన్నాడు. 1854లో పార్లమెంటులో చర్చ జరిగింది. దాని ఫలితంగా మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. 1855లో దాని నివేదిక వెలువడింది.

ఎండలో నిలబెట్టడం, వంగదీసి కట్టివేయడం, కిట్టితో వేళ్ళు నొక్కడం వంటి పద్ధతులు ఆ నివేదికలో నమోదయ్యాయి. మన విషయానికి ముఖ్యమైనది మరొకటి. ఈ హింస ప్రభుత్వానికి రావలసిన శిస్తు కోసమే కాదు, ఉద్యోగి తన జేబు కోసం వసూలు చేసే సొమ్ముకు కూడా జరిగేదని సంఘం గుర్తించింది. రైతులు ఎందుకు ఫిర్యాదు చేయలేదన్న ప్రశ్నకు దొరికిన జవాబు కూడా సాదాసీదా జవాబే: కలెక్టరు దూరం, ప్రయాణానికి ఖర్చు, తిరిగి వచ్చాక అదే ఉద్యోగి చేతిలో బ్రతకాలి.

ఈ మూడు కారణాలనూ ఏ నూరేళ్ళలోనైనా పెట్టి చూడండి. దూరం, ఖర్చు, భయం. లంచం మీద ప్రజల మౌనాన్ని అంగీకారమని చదివే పండితులు ఈ మూడింటినీ విడిచిపెడుతున్నారు.

సాహిత్యమూ పత్రికలూ ఈ మౌనాన్ని భంగపరచాయి. కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన వివేకవర్ధని రాజమహేంద్రవరపు కోర్టులలోని లంచాలను బయటపెట్టింది. 1880 ప్రాంతంలో ఆయన వ్రాసిన వ్యవహార ధర్మబోధిని వకీళ్ళ తంత్రాలను, కూటసాక్ష్యాలను వ్యవహార భాషలోనే ఎత్తిచూపింది. గురజాడ కన్యాశుల్కంలో కోర్టు వ్యవహారం ఎంత హాస్యాన్ని పండించిందో విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఈ రచనలలో కచేరీ భాష నడివీధి భాష ముందు నిలబడి నవ్వులపాలయింది. అంతకు ముందు కచేరీ భాషను చూసి భయపడడమే గాని నవ్వడం తెలియదు.

గీత గీసిన తరువాత

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. కప్పగల్లు మైసూరు వైపు నిలిచింది. గీతకు రెండు వైపులా తెలుగు, కన్నడం రెండూ మాట్లాడేవారున్నారు. పాలన మాత్రం రెండు దారులు పట్టింది.

మైసూరు రాష్ట్రం 1961లో చట్టం చేసి, 1963లో వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసింది. శానుభోగుల స్థానంలో జీతానికి పనిచేసే గ్రామలెక్కిగులు వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పని 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసింది. గీతకు అటువైపు కరణం పోయిన ఇరవై ఏళ్ళకు ఇటువైపు కరణం పోయాడు. కరణం పోయినా కట్ట మిగిలింది. ఆ కట్ట విప్పడానికి మామూలు కూడా మిగిలింది.

ఈ కాలానికి నేను సాక్షిని. మా ఊరు కూడా ఈ సరిహద్దు మీదిదే. మా అమ్మ పొడుగాటి నోటుపుస్తకంలో ఇంటి పద్దులు తెలుగులో వ్రాసేది. ఉప్పు, కిరసనాయిలు, బలపాల పెట్టె. ఆ వరసలోనే ‘ఆపీసు మామూలు 5 రూ.’ అని ఉండేది. పొలం కాగితం నకలు కోసం మా నాయన ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగి, నాలుగోసారి ఇచ్చి తెచ్చిన సొమ్ము అది. ఆ కాగితం కన్నడంలో ఉండేది. ఇంట్లో దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ బడిలో కన్నడం నేర్చిన తరువాత. ఆ అయిదు రూపాయలకు మా నాయన కోపం తెచ్చుకున్నట్లు నాకు గుర్తులేదు. ఆ కాగితంలో ఏముందో కొడుకు చదివి చెప్పిన రోజున మాత్రం, సర్వే నంబరు సరిగ్గా ఉందా అని రెండుసార్లు అడిగాడు. లంచం పోయినందుకు కాదు, లెక్క తప్పుతుందేమోనని ఆయన భయం.

కర్ణాటక ప్రభుత్వం 2001 ప్రాంతంలో భూమి అనే పథకం కింద పహణీలను కంప్యూటరులోకి ఎక్కించింది. సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల పైచిలుకు పత్రాలు. తాలూకా కేంద్రంలో 15 రూపాయలు కడితే పహణీ చేతికి వచ్చేది. గ్రామలెక్కిగుడి పెట్టెలోని కాగితం బజారున పడింది. నకలు కోసం ఇచ్చే మామూలు బాగా తగ్గింది. కాని పేరు మార్పిడి, హద్దుల కొలత వంటి పనులు అధికారి సంతకం మీదనే ఆధారపడి ఉన్నందున లంచం అక్కడికి జరిగింది. లెక్క ఎంతమేరకు బయటపడితే అంతమేరకే లంచం వెనక్కి తగ్గుతుందన్నది దీని పాఠం.

ఇనుము

ఈ జిల్లా పేరు దేశమంతా మారుమోగింది పహణీల వల్ల కాదు, ఇనుప ఖనిజం వల్ల. 2000 తరువాత చైనా కొనుగోళ్ళతో ఖనిజం ధర టన్నుకు వేల రూపాయలకు పెరిగింది. 2009 ఆగస్టు దాకా ప్రభుత్వానికి దక్కే రాయల్టీ మాత్రం టన్నుకు 30 రూపాయలు దాటలేదు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఎడమే అంతటి అక్రమానికి పునాది. అనుమతికి మించిన తవ్వకం, అనుమతిలేని అడవిలో తవ్వకం, పర్మిట్ లేని లారీలు, మోతాదుకు మించిన బరువు. సొండూరు, హొసపేట దారులలో ఎర్రదుమ్ము చెట్లమీద, పంటలమీద పేరుకుంది. రాష్ట్రాల సరిహద్దు గుర్తులనే చెరిపివేశారన్న ఆరోపణ వచ్చింది. భారత సర్వే శాఖ మళ్ళీ హద్దులు కొలవవలసి వచ్చింది. 1953లో ఎంతో వాదించి గీసిన గీత తవ్వకంలో కొట్టుకుపోయింది.

కర్ణాటక లోకాయుక్త 1984 చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థ. న్యాయమూర్తి సంతోష్ హెగ్డే లోకాయుక్తగా 2008 డిసెంబరులో గనులపై మొదటి నివేదికను, 2011 జూలై 27న రెండవ నివేదికను ఇచ్చారు. అటవీ అధికారి యు.వి. సింగ్ బృందం లారీల పర్మిట్లు, తూకపు చీటీలు, రేవుల రికార్డులు, బ్యాంకు ఖాతాలు ఒకదానితో ఒకటి సరిచూసి లెక్క కట్టింది. 2006 నుంచి 2010 దాకా ప్రభుత్వానికి కలిగిన నష్టం 16,085 కోట్ల రూపాయలని నివేదిక అంచనా. ముఖ్యమంత్రి యడియూరప్ప ఆ నెలాఖరున రాజీనామా చేశారు. అంతకు ముందే 2009లో సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ వ్యాజ్యంలో 2011 జూలై 29న కోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలను నిలిపివేసింది. 2013 ఏప్రిల్ 18న తుది తీర్పులో గనులను మూడు వర్గాలుగా విభజించి, అక్రమం ఎక్కువగా ఉన్న ‘సి’ వర్గపు లీజులను రద్దు చేసింది.

ఓబుళాపురం గనుల కేసులో మాజీ మంత్రి గాలి జనార్దనరెడ్డిని 2011 సెప్టెంబరు 5న సీబీఐ అరెస్టు చేసింది. 2025 మే 6న హైదరాబాదులోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు ఏడేళ్ళ శిక్ష విధించింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసింది. ఈ రెండు తేదీల మధ్య, 2023లో, ఆయన గంగావతి నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

ఈ చివరి సంగతిని చూసి, జనానికి అవినీతి పట్టదని తీర్మానించేవారు చాలామంది. నేను అంత తొందరపడను. ఓటరు ముందున్నది కోర్టు తీర్పు కాదు, అభ్యర్థి. కష్టంలో ఆదుకొనే మనిషి, పిలిస్తే పలికే మనిషి ఎవరన్నది అతని ప్రశ్న. 16,085 కోట్లన్న అంకె అతని ఇంటి పద్దులో ఏ వరుసలోనూ ఇమడదు. అది ఎవరి దగ్గర నుంచి పోయిందో అతనికి ఎవరూ అతని మాటల్లో చెప్పలేదు. నివేదిక ఇంగ్లీషులో ఉంది. దానిలోని తన ఊరి పేరు, తన పొలం మీద పడిన దుమ్ము, తన వాగులో చేరిన మట్టి ఎన్ని రూపాయలైందో తెలుగులోగాని కన్నడంలోగాని గ్రామసభలో చదివి వినిపించినవారు లేరు. మరాఠీ దస్తరాల కాలంలో రైతు ఎక్కడ నిలబడ్డాడో, ఈ నివేదిక ముందు కూడా అక్కడే నిలబడ్డాడు.

చదివి వినిపించిన లెక్క

చదివి వినిపిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఉదాహరణ దూరంలో లేదు. బళ్ళారికి ఆనుకొని ఉన్న అనంతపురం జిల్లాలో నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలయింది. అదే ఏడాది ఆ జిల్లాలో సామాజిక తనిఖీ పెద్ద ఎత్తున జరిగింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో నడిపిన జనసునవాయి పద్ధతి దీనికి ఆధారం. ఊరి చదువుకున్న పిల్లలే మస్టర్లు తీసుకొని ఇంటింటికీ తిరిగి, పనిచేసిన రోజులెన్ని, అందిన కూలి ఎంత అని అడిగి వ్రాసుకున్నారు. తరువాత సభలో పేరు పేరునా బిగ్గరగా చదివారు. చనిపోయినవారి పేర్లు, ఊళ్ళో లేనివారి పేర్లు బయటపడ్డాయి. ‘నేను ఆ పనికే పోలేదే’ అని సభలో లేచి చెప్పడానికి చదువు అక్కరలేదు. దూరం, ఖర్చు, భయం అన్న 1855 నాటి మూడు అడ్డంకులలో మొదటి రెండూ పోయాయి. మూడవది పదిమంది మధ్య నిలబడినందువల్ల కొంత తగ్గింది.

ఈ పద్ధతిని పొగిడి వదిలివేయడం చరిత్ర కాదు. తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్ది భాగమే. కిందిస్థాయి ఉద్యోగి మీద చర్య తీసుకున్నంత సులువుగా పైవాడి మీద తీసుకోలేదు. ఒకచోట పట్టుబడిన మోసం మరొక రూపంలో తలెత్తింది. సంస్థల సంగతీ అంతే. కర్ణాటకలో 2016లో అవినీతి నిరోధక దళాన్ని ఏర్పరచి లోకాయుక్త పోలీసుల అధికారాలు తీసివేశారు. 2022 ఆగస్టులో హైకోర్టు ఆ దళాన్ని రద్దుచేసి అధికారాలను తిరిగి లోకాయుక్తకు అప్పగించింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి, లంచమివ్వడాన్ని కూడా నేరం చేశారు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజులలో ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉంది. చట్టం దృష్టిలో మా నాయన ఇచ్చిన అయిదు రూపాయలు నేడైతే ఏడు రోజుల గడువు గల విషయం. ఆ ఏడు రోజులలో ఆయన ఎవరి దగ్గరకు, ఏ భాషలో అర్జీ పట్టుకొని వెళ్ళేవాడన్నది చట్టంలో లేదు.

తెలుగుదేశానికి వెలుపల తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు ఈ కథ ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఇదే. మీలో చాలామంది ఇంట్లో ఒక భాష, కాగితం మీద ఇంకొక భాష గలవారు. ఇంటికి వచ్చిన ప్రభుత్వ కాగితాన్ని పెద్దవారికి చదివి చెప్పే పని చిన్నప్పుడే మీమీద పడి ఉంటుంది. అది చిన్న పని అనుకోకండి. మన్రో ఇచ్చిన పట్టా నుంచి అనంతపురం సభలో చదివిన మస్టరు దాకా, లంచం ఎక్కడ తగ్గినా ఎవరో ఒకరు లెక్కను పక్కవాడికి అర్థమయ్యే మాటలో చదివి వినిపించినందువల్లనే తగ్గింది. పైనుంచి మంచి దేవుడు దిగివచ్చినందువల్ల తగ్గలేదు.

చేయవలసిన పని కూడా ఉంది. సరిహద్దు గ్రామాలలో లంచానికి, మామూలుకు, శిస్తుకు, హద్దులకు సంబంధించిన తెలుగు కన్నడ పదాలను, వాడుకలను, సామెతలను సేకరించాలి. పెద్దల దగ్గర పాత పట్టాలు, పద్దుపుస్తకాలు ఉంటే వాటి భాషను పరిశీలించాలి. మా అమ్మ పద్దుపుస్తకం నా దగ్గర ఉంది. మామూలును ఆమె దాచలేదు, ఉప్పు పక్కన వ్రాసింది. ఎవరికిచ్చారో మాత్రం వ్రాయలేదు. ఆ ఖాళీలో వ్రాయవలసిన పేరు ఆమెకు తెలుసు, మా నాయనకు తెలుసు, ఊరందరికీ తెలుసు.

కప్పగల్లు కొండమీది నల్లబండలు కొడితే ఇప్పటికీ మోగుతాయి. ఏ కొండను ఎవరు తవ్వుకోవచ్చో, ఎంత తవ్వుకోవచ్చో చెప్పే కాగితాలు ఆ కొండ కింద బ్రతికేవారి భాషలో, వారి ఊరి గోడమీద ఉండాలి. కొండకైనా పొలానికైనా అంతకు మించిన కావలి లేదు.